అరువు గొంతు

నా బల్ల మీదికి ఆయన ఎప్పుడూ ముక్కలుగానే వచ్చేవాడు.
ఒక రోజు ఎడమ చెవి, కాస్త పొగ.
ఇంకో రోజు మెట్లు దిగే బూట్లు.
కత్తెర నాది, జిగురు నాది.
ఇస్తాంబుల్‌లో, బెయోలు వీధిలో,
మూడో అంతస్తు మీద కిటికీ లేని గదిలో
ఇరవై రెండేళ్లు
వెహ్బీ బేని నేనే అతికించాను.

హీరో ముఖానికి ఆరు సెకన్లు ఉంచమనేవారు,
ఈయనకి రెండు.
"గుమ్మంలో కనపడితే చాలమ్మా, జనానికి తెలిసిపోతుంది."
నిజమే. బూట్ల చప్పుడుకే
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న ఆడవాళ్లు
శాపనార్థాలు మొదలెట్టేవారు.
ఆ కోటు జేబులో తాకట్టు కాగితం ఉందని
ఒకరు చెప్పాలా?

జీతం రాని ఓ నెలలో, ఊరికే కూర్చోలేక లెక్కేశాను:
నూట నలభై సినిమాలు,
అన్నీ కలిపితే నాలుగు గంటల పదకొండు నిమిషాల మనిషి.
అందులో ముప్పై ఎనిమిది చావులు.
మెట్ల మీంచి, గుర్రం మీంచి,
ఒకసారి బాస్ఫరస్‌లోకి, జనవరిలో,
డూపుకి డబ్బుల్లేక.
ఆ షాట్ ఫోకస్ తప్పింది.
నేనే తీసేశాను. ఆయనకి చెప్పలేదు.

అప్పట్లో మా సినిమాల్లో ఎవరి గొంతూ వాళ్లది కాదు.
మూగగా తీసి, తర్వాత
చీకటి గదిలో మాట అద్దేవాళ్లం.
ఆయన పెదాలకి హైరీ గొంతు,
బావిలో బండరాయి దొర్లినట్టు:
"రేపు పొద్దుటికి డబ్బు. లేదా ఇల్లు."
ఎక్కడో కొండల అవతల ఊళ్లలో
ముద్ద మింగని పిల్లల్ని తల్లులు
ఆ మాటతోనే బెదిరించేవారట.

ఓ సాయంత్రం ఉస్కుదార్ పడవలో
ఒక కుర్రాడు గుర్తుపట్టాడు.
కొరుకుతున్న సిమిత్ ఆపి,
"మావయ్యా, ఆ మాట ఒక్కసారి!"
వెహ్బీ బే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
గొంతు సవరించుకుని
తన సొంత గొంతుతో అన్నాడు.
సన్నటి గొంతు. 'ప' దగ్గర నత్తి.
కుర్రాడు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి
"నువ్వు కాదులే" అని వెళ్లిపోయాడు.

"వాడి చెవి మంచిది" అన్నాడు నాతో.
ఒడ్డు వచ్చేదాకా
మళ్లీ పెదవి విప్పలేదు.

తర్వాత ఇంటింటికీ టీవీలొచ్చాయి.
రీళ్లు వెండి కోసం కరిగించారు, కిలోల లెక్కన.
ఆయన ఓ గుండీల కొట్టులో పద్దులు రాశాడు.
నేను పెళ్లి ఫోటోలకి అంచులు కత్తిరించాను.
కత్తెర కత్తెరే కదా.

నవంబరు వానలో, షిష్లీ మసీదు ముంగిట
రాతి మీద పెట్టె.
లెక్కపెట్టాను, పద్నాలుగు మంది.
హీరో రాలేదు. పూలచక్రం పంపాడు,
దాని మీద పేరు తప్పు.
ఇమాం అడిగాడు,
"ఈ మనిషిని మీరు ఎలాంటివాడని ఎరుగుదురు?"
అందరూ గొణిగారు, వానలో వినపడీ పడనట్టు.
అప్పుడు వెనక వరసలోంచి
బావిలో బండరాయి దొర్లింది.
"మంచివాడనే ఎరుగుదుం."
హైరీ. చేతికర్ర, ఎనభై ఏళ్లు.
పద్నాలుగు తలలూ ముందు పెట్టె వైపే తిరిగాయి.

"ఆయన మీద మీకున్న బాకీలు వదిలేస్తున్నారా?"
మూడుసార్లు అడిగాడు ఇమాం. మూడుసార్లూ వదిలేశారు.
ఆయనకి మనం పడ్డ బాకీ సంగతి
ఆ ప్రార్థనలో లేదు.

నా కుట్టుపెట్టెలో, దారపు ఉండల కింద
పదమూడు అడుగుల ఫిల్ము ఉంది.
మసక నీళ్లు. గాల్లో ఒక మనిషి.
లైటుకి పెట్టి చూస్తే
నోరు తెరిచి ఏదో అంటున్నాడు.
దాని మీద ఎవరూ మాట అద్దలేదు.